కులం, వేలిముద్ర, ఖాతా నెంబరు: కాపలా చట్టాల్లో మనకు చోటేది?

2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక బయటపెట్టింది. కేవలం నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే సుమారు 13 కోట్ల మంది ఆధార్ నెంబర్లు, 10 కోట్ల దాకా బ్యాంకు ఖాతా నెంబర్లు ఎవరు చూసినా కనిపించేలా పడి ఉన్నాయని అంచనా వేసింది. ఎవరో దొంగలు వచ్చి తాళం పగలగొట్టలేదు. అసలు తాళమే వేయలేదు. ఆ నాలుగు వెబ్‌సైట్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఒకటి ఉపాధి హామీ కూలి చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. మిగతా రెండు కేంద్రానివి. వాటిలో ఒకటి వృద్ధులకూ వితంతువులకూ ఇచ్చే పింఛన్లది, ఇంకొకటి దేశమంతటి ఉపాధి హామీది.

ఈ నాలుగు జాబితాల్లో ఉండేది ఎవరు? మట్టి పనికి వెళ్లేవాళ్లు, పింఛను మీద బతికే ముసలివాళ్లు, భర్త చనిపోయిన ఆడవాళ్లు, అసంఘటిత రంగ కూలీలు. అంటే పెద్ద భాగం మనవాళ్లే.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్ వంతు వచ్చింది. లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నెంబర్లు, ఖాతా నెంబర్లతో పాటు వాళ్ల కులం, మతం కూడా బయటికి కనిపించాయి. కులం, మతం ఆధారంగా ఇళ్లను మ్యాపు మీద గుర్తించే వీలు మరో ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉందని అదే నెలలో వార్తలు వచ్చాయి. గొడవయ్యాక వాటిని మూసేశారు. ఇది మామూలు సాంకేతిక పొరపాటు కింద కొట్టేసే విషయం కాదు. కారంచేడులో, చుండూరులో దాడికి వచ్చినవాళ్లకు మ్యాపు అక్కర్లేదు, పల్లె ఏ దిక్కున ఉందో ఊరందరికీ తెలుసు. పట్నం వచ్చిన మనిషికి దొరికిన కొద్దిపాటి ఊరట ఏమిటంటే, పక్కింటివాళ్లకు తన కులం తెలియకపోవడం. అద్దె ఇల్లు దొరకడానికీ, ఆఫీసులో పక్క కుర్చీవాడు మామూలుగా మాట్లాడటానికీ చాలాసార్లు అదే ఆధారం. ఆ కాస్త మరుగును ఒక వెబ్‌సైట్ ఒక్క క్లిక్కుతో తీసేయగలదు.

మరి అప్పుడు చట్టం ఏం చెప్పింది? 2000 నాటి ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో 43ఏ అనే సెక్షన్ వచ్చింది. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని నిర్లక్ష్యంగా ఉంచి ఎవరికైనా నష్టం కలిగిస్తే పరిహారం కట్టాలంటుంది. కానీ అది కంపెనీలకూ వ్యాపార సంస్థలకూ మాత్రమే. ప్రభుత్వ శాఖలు దాని పరిధిలో లేవు. ఏది సున్నితమైన సమాచారమో చెప్పే 2011 నిబంధనల్లో పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, లైంగికత, వేలిముద్రల లాంటి బయోమెట్రిక్‌లు ఉన్నాయి. కులం లేదు.

ఈ లోటు ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే, ఈ దేశంలో సైబర్ భద్రత చట్టాలనూ విధానాలనూ ఎవరు ఎవరితో కూర్చుని తయారు చేస్తున్నారో చూడాలి.

ఇద్దరి మధ్య ఒప్పందం

ప్రభుత్వం, ప్రైవేటు పరిశ్రమ ఈ విషయంలో కలిసి పనిచేయడం తప్పేమీ కాదు. కలవకపోతే పని జరగదు కూడా. ఫోన్ టవర్లు, ఇంటర్నెట్ తీగలు, డేటా సెంటర్లు, బ్యాంకు సాఫ్ట్‌వేర్ చాలావరకు ప్రైవేటువాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఒక బ్యాంకు మీద దాడి జరిగితే ఆ సంగతి ముందు తెలిసేది బ్యాంకుకే. అది దాచిపెడితే రేపు అదే దాడి ఇంకో బ్యాంకు మీద జరుగుతుంది. కాబట్టి కంపెనీలు ప్రభుత్వానికి చెప్పాలి, ప్రభుత్వం మిగతావాళ్లను హెచ్చరించాలి. సహకారం అంటే స్థూలంగా ఇదే.

దీనికో రూపం ఇవ్వడానికి జాతీయ భద్రతా మండలి సచివాలయం ఒక ఉమ్మడి కార్యవర్గాన్ని వేసింది. 2012 అక్టోబరులో దాని సిఫార్సులు వెలువడ్డాయి. ప్రభుత్వ అధికారులూ, పరిశ్రమ సంఘాల ప్రతినిధులూ కలిసే శాశ్వత వేదిక ఉండాలన్నది అందులో ముఖ్యమైన మాట. 2013లో వచ్చిన జాతీయ సైబర్ భద్రత విధానం కూడా ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యాన్ని తన వ్యూహాల్లో ఒకటిగా పెట్టుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ 2008లోనే డేటా సెక్యూరిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే సంస్థను పెట్టింది. ఆ తర్వాత డేటా, సైబర్ భద్రత గురించి ప్రభుత్వం ఏ సంప్రదింపులు జరిపినా పరిశ్రమ తరఫున ఈ సంస్థ గొంతు వినబడుతూనే ఉంది. తెలంగాణ 2016లో తన సొంత సైబర్ భద్రత విధానం తెచ్చింది. హైదరాబాద్‌లోని సైబర్ భద్రత కేంద్రాన్ని ఈ కౌన్సిల్‌తో కలిసే నడుపుతోంది. సైబరాబాద్ పోలీసులూ ఐటీ కంపెనీలూ కలిసి పెట్టుకున్న భద్రతా మండలి ఒకటి ఎప్పటి నుంచో ఉంది.

వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి ముసాయిదా రాయడానికి 2017లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన కమిటీ వేశారు. అందులో ఐటీ, టెలికాం శాఖల అధికారులు ఉన్నారు, ఆధార్ సంస్థ సీఈఓ ఉన్నారు, ఐఐటీ, ఐఐఎం ఆచార్యులు ఉన్నారు, పైన చెప్పిన డేటా సెక్యూరిటీ కౌన్సిల్ సీఈఓ ఉన్నారు. పింఛనుదారుల తరఫున గానీ, కూలీల తరఫున గానీ, దళిత, ఆదివాసీ సంస్థల నుంచి గానీ ఒక్కరూ లేరు. దేశంలో ప్రభుత్వం దగ్గర అత్యంత ఎక్కువ వివరాలు ఇచ్చుకోవలసి వచ్చేది వీళ్లే. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, స్కాలర్‌షిప్, హాస్టల్, రేషన్, ఇంటి స్థలం, కార్పొరేషన్ లోను: ఒక్కో దరఖాస్తుకు ఒక్కోసారి బతుకంతా రాసివ్వాలి. పాత రోజుల్లో రచ్చబండ మీద పెద్దలు కూర్చుని తీర్పు చెబుతుంటే, ఆ తీర్పు ఎవరి గురించో వాళ్లు దూరంగా నిలబడేవాళ్లు. ఇక్కడా వరస అదే.

ఆరు గంటల్లో చెప్పాలి, ఎవరికి?

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశాలు జారీ చేసింది. ఐటీ చట్టం 70బీ సెక్షన్ కింద, సైబర్ దాడులు జరిగినప్పుడు స్పందించడానికి పెట్టిన జాతీయ సంస్థ ఇది. దాడి జరిగిన సంగతి తెలిసిన 6 గంటల్లోపు తమకు చెప్పాలి, కంప్యూటర్ల లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి, వీపీఎన్ సేవలు ఇచ్చే కంపెనీలు వాడకందారుల పేరూ చిరునామా 5 ఏళ్లు ఉంచాలి అన్నది సారాంశం.

కంపెనీలు ఊరుకోలేదు. 6 గంటలు చాలదని అంతర్జాతీయ పరిశ్రమ సంఘాలు ఉమ్మడిగా లేఖ రాశాయి. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ తమ సర్వర్లను దేశం నుంచి తీసేశాయి. ప్రభుత్వం సందేహాలకు జవాబులంటూ ఒక వివరణ పత్రం ఇచ్చింది. చిన్న పరిశ్రమలకూ వీపీఎన్ కంపెనీలకూ గడువును సెప్టెంబరు 25 దాకా పెంచింది. ఇలాంటిదే 2025 చివర్లో మళ్లీ చూశాం. ప్రతి కొత్త ఫోన్‌లో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని నవంబరు 28న టెలికాం శాఖ ఆదేశమిచ్చింది. ఆపిల్ ఒప్పుకునేలా లేదని వార్తలొచ్చాయి, ప్రతిపక్షాలూ హక్కుల సంఘాలూ గట్టిగా అడిగాయి, డిసెంబరు 3న ఆ ఆదేశం వెనక్కి వెళ్లింది. అయిదు రోజులు! పేర్లు తీసేసిన రేషన్ కార్డు కోసం తిరిగేవాళ్లకు అయిదు రోజుల్లో తహసీల్దారు దర్శనం కూడా దొరకదు.

ఆ వీపీఎన్, ఆపిల్ గొడవల సంగతి అలా ఉంచుదాం. సెర్ట్-ఇన్ ఆదేశాల్లో మనకు సంబంధించిన అసలు లోపం గురించి కంపెనీలూ మాట్లాడలేదు, ప్రభుత్వమూ మాట్లాడలేదు. 6 గంటల్లో చెప్పాల్సింది సెర్ట్-ఇన్‌కు. ఎవరి వివరాలు పోయాయో ఆ మనిషికి చెప్పాలన్న మాట ఆ ఆదేశాల్లో ఎక్కడా లేదు.

అదే ఏడాది నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగింది. 5 సర్వర్లు దెబ్బతిన్నాయనీ, దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారం దొంగల తాళం కిందికి వెళ్లిందనీ ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. రెండు వారాల పాటు ఓపీ చీటీలు చేత్తో రాశారు. సరిగ్గా ఏడాది తర్వాత, 2023 నవంబరు 23న, కేంద్రం సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో చేర్చింది. అంటే నిఘా సంస్థల సరసన పెట్టింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప ఇంకేదీ ఆ సంస్థను అడగడానికి వీల్లేదు. కంపెనీ సెర్ట్-ఇన్‌కు చెబుతుంది, సెర్ట్-ఇన్ మనకు చెప్పనక్కర్లేదు.

వాట్సాప్ చెప్పింది, మనకు తెలిసేసరికి నెలలు పట్టింది

ఈ సహకారం ఎలా పనిచేస్తుందో చూపించే ఉదాహరణ 2019లో జరిగింది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ కంపెనీ తయారుచేసిన పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వాట్సాప్‌లోని ఒక లోపం ద్వారా ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,400 ఫోన్లను లక్ష్యం చేసుకుంది. లోపాన్ని కనిపెట్టిన వాట్సాప్ మే నెలలో సెర్ట్-ఇన్‌కు తెలియజేసింది. సెప్టెంబరు 5న మళ్లీ రాసి, మన దేశంలో 121 మంది ఫోన్లు లక్ష్యమై ఉండవచ్చని చెప్పింది. ఈ రెండు లేఖల సంగతి ఐటీ మంత్రే ఆ నవంబరులో లోక్‌సభకు చెప్పారు. జనానికి తెలిసింది మాత్రం అక్టోబరు చివర్లో, వాట్సాప్ అమెరికా కోర్టులో దావా వేశాక.

ఆ 121 మందిలో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. దళిత మేధావి ఆనంద్ తేల్తుంబ్డే, ఛత్తీస్‌గఢ్‌లో దళిత, ఆదివాసీ హక్కుల కోసం పనిచేసే డిగ్రీ ప్రసాద్ చౌహాన్, భీమా కోరెగావ్ కేసులో వాదించే న్యాయవాదులు. వాళ్లకు హెచ్చరిక ఇచ్చింది వాట్సాప్, దానితో పనిచేసిన కెనడా పరిశోధకులు. ఏ ప్రభుత్వ సంస్థా కాదు. 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజునే, తేల్తుంబ్డే భీమా కోరెగావ్ కేసులో లొంగిపోయి అరెస్టయ్యారు.

ఆ కేసులో సైబర్ భద్రత ప్రశ్న ఇంకా లోతుకు వెళ్తుంది. అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ 2021 ఫిబ్రవరిలో రోనా విల్సన్ లాప్‌టాప్ గురించి నివేదిక ఇచ్చింది. వరవరరావు ఈమెయిల్ ఖాతాను ఎవరో వాడి పంపిన ఫైలు ద్వారా నెట్‌వైర్ అనే మాల్వేర్ అందులోకి చేరిందనీ, 22 నెలల పాటు దాన్ని అదుపులో ఉంచుకుని, కేసులో సాక్ష్యంగా చూపిన లేఖలను అందులో పెట్టారనీ చెప్పింది. నాగపూర్ దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్ మీద కూడా అదే దాడిదారు పనిచేశాడని మరో నివేదికలో రాసింది. ఎన్‌ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. తీర్పు కోర్టులదే. అయితే ఒక బ్యాంకు సర్వర్‌లోకి ఎవరైనా చొరబడితే 6 గంటల్లో కదలాల్సిన యంత్రాంగం ఉంది. ఒక దళిత న్యాయవాది కంప్యూటర్‌లోకి చొరబడ్డారని నిపుణులు చెబితే, దాన్ని స్వతంత్రంగా పరీక్షించాల్సిన బాధ్యత ఎవరిదో ఏ విధాన పత్రంలోనూ రాసిలేదు. 2022లో సుప్రీంకోర్టు కమిటీ 29 ఫోన్లు పరీక్షించి 5 ఫోన్లలో ఏదో మాల్వేర్ ఉందని తేల్చింది, అది పెగాసస్సే అని చెప్పలేకపోయింది. ప్రభుత్వం తమకు సహకరించలేదని కూడా ఆ కమిటీ చెప్పింది.

ముసాయిదాలో ఉన్న కులం చట్టంలో ఎందుకు లేదు?

శ్రీకృష్ణ కమిటీ మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఒక మంచి పని చేసింది. 2018 జులైలో ఇచ్చిన ముసాయిదాలో సున్నితమైన వ్యక్తిగత సమాచారం జాబితాలో కులాన్నీ తెగనూ చేర్చింది. 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులోనూ ఆ మాట నిలిచింది. దాని అర్థం: నీ కులం వివరాన్ని ఎవరైనా తీసుకోవాలన్నా వాడాలన్నా మామూలు సమ్మతి చాలదు, స్పష్టంగా అడిగి తీసుకోవాలి. భద్రత కూడా ఆ మేరకు ఎక్కువ ఉండాలి.

2022 ఆగస్టులో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. నవంబరులో కొత్త, చిన్న ముసాయిదా వచ్చింది. దాని మీద అభిప్రాయాలు పంపమన్నారు కానీ, ఎవరు ఏం పంపారో బయటపెట్టబోమని ఆ ప్రకటనలోనే చెప్పారు. కాబట్టి ఏ కంపెనీ ఏం అడిగిందో, ప్రభుత్వం ఎవరి మాట విన్నదో మనం పోల్చి చూసుకునే దారి లేదు. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో సున్నితమైన సమాచారం అనే వర్గమే లేదు. నీ కులమూ, నీ ఈమెయిలూ చట్టం దృష్టిలో ఒక్కటే. చట్టం సరళంగా ఉండాలని ఇలా చేశామని చెబుతారు. కులం తెలిస్తే ఏమవుతుందో ఒంటి మీద అనుభవించినవాళ్లు ఎవరైనా ఆ చర్చలో ఉంటే ఈ సరళత ఇంత సులభంగా సాగేదా అన్నది నా అనుమానం.

చట్టంలో కొన్ని పళ్లున్నాయి. తగిన భద్రత పెట్టని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. సమాచారం బయటికి పోతే ఆ సంగతి బాధితులకు ఒక్కొక్కరికీ తెలపాలి. సెర్ట్-ఇన్ ఆదేశాల్లో లేనిది ఇది, స్వాగతించాల్సిందే. ప్రభుత్వ శాఖలకూ ఇది వర్తిస్తుంది. కానీ 17వ సెక్షన్ కింద కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థనైనా దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో మినహాయించవచ్చు. జరిమానా సొమ్ము బాధితుడికి రాదు, కేంద్ర ఖజానాకు వెళ్తుంది. నష్టపోయినవాడికి పరిహారం అడిగే దారిగా ఉన్న పాత 43ఏ సెక్షన్‌ను ఈ చట్టం రద్దు చేస్తోంది. తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి 10 వేల రూపాయల దాకా జరిమానా కూడా ఉంది. పరిహారం లేదు గానీ జరిమానా ఉంది.

ఇక అమలు తేదీలు చూడండి. నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు. కంపెనీలు సర్దుకోవడానికి సమయం కావాలి కాబట్టి భద్రత పెట్టాలన్న బాధ్యత, బాధితులకు తెలపాలన్న బాధ్యత 18 నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. సమాచార హక్కు చట్టానికి చేసిన కోత మాత్రం నిబంధనలు వచ్చిన వెంటనే అమలైంది. దానికి 18 నెలలు ఆగాలని ఎవరికీ అనిపించలేదు.

గోప్యత పేరుతో మూసుకున్న తలుపు

ఆ కోత ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. సమాచార హక్కు చట్టం 8(1)(జె) ప్రకారం వ్యక్తిగత సమాచారాన్ని అధికారులు నిరాకరించవచ్చు. అయితే పాత రూపంలో షరతులుండేవి: ఆ సమాచారానికి ప్రజా వ్యవహారాలతో సంబంధం లేకపోతేనే, లేదా అకారణంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడినట్టు అయితేనే నిరాకరించాలి, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న మాట కూడా ఉండేది. కొత్త చట్టం 44(3) సెక్షన్ ఇవన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు మినహాయింపే అని మిగిల్చింది. 8(2) సెక్షన్ కింద ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వవచ్చన్న వీలు ఇంకా ఉందని ప్రభుత్వం అంటోంది. ఉంది నిజమే. కానీ మండలాఫీసులో కూర్చున్న పౌర సమాచార అధికారి ఆ సెక్షన్ దాకా వెళ్లి మనకు కాగితం ఇస్తాడని ఆశించడం, ఆ ఆఫీసులు తెలిసినవాళ్లు చేసే పని కాదు.

మన ఉద్యమాలు ఈ చట్టాన్ని దేనికి వాడుకున్నాయి? ఎస్సీ సబ్‌ప్లాన్ నిధులతో ఎవరికి ట్రాక్టర్లు ఇచ్చారు, ఎవరి పొలానికి బోరు వేశారు, దొంగ కుల పత్రంతో రిజర్వేషన్ ఉద్యోగం ఎవరు చేస్తున్నారు, హాస్టల్ మెస్ బిల్లులో పిల్లల పేర్లు నిజమేనా, అసైన్డ్ భూమి ఎవరి పేరు మీదికి మారింది. వీటిలో ప్రతి జవాబులోనూ ఒక మనిషి పేరు ఉంటుంది. పేరుంటే వ్యక్తిగత సమాచారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ పెరిగిందే మస్టర్ రోల్‌లోని పేర్లను గ్రామసభలో గట్టిగా చదివి వినిపించడం మీద. చచ్చిపోయినవాళ్ల పేరిట కూలి ఎవరు తిన్నారో అలాగే తేలింది.

ఇక్కడ మనలో కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. మొదట ఆధార్ నెంబర్లు, కులం బయటపడ్డాయని గొడవ చేసి, ఇప్పుడు పేర్లు బయటపెట్టాలని అడగడం పరస్పర విరుద్ధం కాదా? కాదు. మస్టర్ రోల్‌లో పేరు, పనిచేసిన రోజులు, వచ్చిన కూలి బయట ఉండాలి. అది ప్రజల సొమ్ము లెక్క. ఆధార్ నెంబరు, ఖాతా నెంబరు, వేలిముద్ర దాచాలి. అవి ఆ మనిషి తాళాలు. కులం లెక్కలు మొత్తంగా బయట ఉండాలి, ఇంటింటి వారీగా దాచాలి. ప్రభుత్వం ఇన్నాళ్లూ చేసింది తలకిందుల పని. తాళాలను వెబ్‌సైట్లో పెట్టింది, లెక్కలను ఇప్పుడు పెట్టెలో పెడుతోంది.

ఈ తేడా రాబోయే రోజుల్లో మరింత అవసరం. తెలంగాణ 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే మొదలుపెట్టి పూర్తిచేసింది. 2027 జనగణనలో కులం కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. వివరాలు డిజిటల్‌గానే నమోదవుతాయి. కులాన్ని లెక్కించమన్నది మన డిమాండే, అందులో వెనక్కి పోయేది లేదు. జనగణనలో ఒక్కో ఇంటి పత్రం ఎవరికీ చూపకూడదని 1948 చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. రాష్ట్రాలు చేసే సర్వేలు ఆ చట్టం కిందికి రావు. ఆ సమాచారం ఏ సర్వర్లో ఉంది, దాన్ని ఏ ప్రైవేటు కంపెనీ నిర్వహిస్తోంది, ఆ ఒప్పందంలో భద్రత షరతులేమిటి అన్నది మనం ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న. ఇవి వ్యక్తిగత సమాచారం కాదు కాబట్టి కొత్త సవరణ సాకు చెల్లదు.

వేలు పెట్టినవాడికే నష్టం

విధానాల్లోని లోపం కూలి డబ్బులను ఎలా తాకుతుందో చూద్దాం. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూముల రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ పత్రాలు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్నవే. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాలతో అదే పని చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా ఖాతాల్లోంచి డబ్బు తీసింది. ఇంటి జాగా మనదేనని చెప్పే ఒక్క కాగితమే ఖాతాకు దొంగతాళం అయింది. దీనికంటే మామూలుగా జరిగే మోసం ఇంకొకటి ఉంది. ఊళ్లో మిషను పట్టుకొచ్చే బ్యాంకు ఏజెంటు "వేలు సరిగా పడలేదు, మళ్లీ పెట్టు" అంటాడు. రెండుసార్లు పడ్డ వేలికి రెండుసార్లు డబ్బు పోతుంది, చేతికి ఒకసారే వస్తుంది.

ఇందులో ప్రభుత్వం, బ్యాంకు, బ్యాంకు పెట్టుకున్న కంపెనీ, ఆ కంపెనీ పెట్టుకున్న ఏజెంటు ఇలా నలుగురున్నారు. డబ్బు పోయినప్పుడు నలుగురూ పక్కవాడి వైపు చేయి చూపిస్తారు. ఏజెంట్లను సరిగ్గా తనిఖీ చేసి పెట్టుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశాలిచ్చింది, అవి 2026 జనవరి 1 నుంచి అమలన్నారు. మంచిదే.

అంతకంటే మనకు పనికొచ్చేది 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్. మూడో మనిషి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు ఏ నష్టమూ లేదు, మొత్తం బ్యాంకే భరించాలి. 4 నుంచి 7 పనిదినాలైతే జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు నష్టం 5 వేలు దాటకూడదు. ఫిర్యాదు చేసిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన భారం బ్యాంకుది.

చాలామంది మనవాళ్లకు డబ్బు పోయిన సంగతి పాస్‌బుక్ కొట్టించుకున్నప్పుడే తెలుస్తుంది. అప్పటికి నెలలు గడుస్తాయి. ఫోన్ నెంబరు కొడుకుదో, పాత సిమ్‌దో, ఎవరిదో అయి ఉంటుంది. బ్యాంకు మేనేజరు గడువు దాటిందని పంపేస్తాడు. గడువు లెక్క డబ్బు పోయిన రోజు నుంచి కాదు, బ్యాంకు సమాచారం అందిన రోజు నుంచి అని ఆ సర్క్యులరే అంటోంది. మెసేజే రాకపోతే గడువు మొదలే కాలేదని మనం వాదించవచ్చు. ఫోన్ నెంబరు ఇవ్వని ఖాతాదారులకు ఏటీఎం తప్ప వేరే ఎలక్ట్రానిక్ లావాదేవీలు ఇవ్వకూడదన్న మాట కూడా అందులోనే ఉంది. ఈ రెండు వాక్యాలు చాలామంది బ్యాంకు ఉద్యోగులకే గుర్తుండవు.

కాబట్టి డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకులూ పోలీసులూ కలిసి నడిపే ఈ వ్యవస్థలో మొదటి గంటల్లో చెబితే సొమ్మును దారిలో ఆపే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత బ్యాంకులో నోటిమాటగా కాకుండా కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనలను అందులో ప్రస్తావించాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిపడకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆధార్ యాప్‌లో వేలిముద్రలను లాక్ చేసుకునే వీలుంది, పింఛను లేదా కూలి తీసుకునే రోజున తెరిచి మళ్లీ మూయాలి. స్మార్ట్‌ఫోన్ లేని అవ్వకు ఇది చేతకాదు. వాడలో ఫోన్ వాడటం తెలిసిన పిల్లలు ఒక ఆదివారం కూర్చుంటే వీధి మొత్తానికి చేసి పెట్టవచ్చు. పాత నెంబర్లు మార్పించడం కూడా ఆ రోజే మొదలుపెడితే, 2027 మే తర్వాత రావాల్సిన హెచ్చరికలు అసలు మనిషి ఫోన్‌కే వస్తాయి.